కిడ్నీ, గుండె పేరుతో అమ్ముతున్న ‘షుగర్–బీపీ ప్యాకేజీ’: తొంభై ఫలితాలలో పనికొచ్చినవెన్ని?

రెండు తెలుగు రాష్ట్రాలలోనూ శాఖలున్న ఒక డయాగ్నస్టిక్ సంస్థ షుగర్, బీపీ రెండూ ఉన్నవారి కోసమంటూ ఒక వార్షిక పరీక్షల ప్యాకేజీని అమ్ముతోంది. ప్రకటనలో ఒక పక్క కిడ్నీ బొమ్మ, మరో పక్క గుండె బొమ్మ, మధ్యలో ‘తొంభైకి పైగా పరీక్షలు’ అన్న పెద్ద అక్షరాలు ఉంటాయి. ధర రెండు వేల రూపాయల పైచిలుకు. రక్తం ఇంటికే వచ్చి తీసుకుంటారు. గుంటూరులో ఉంటున్న మా అమ్మ కోసం దీనిని తీసుకున్నాము. ఆవిడ వయసు 62. షుగర్ వచ్చి పదిహేనేళ్లు దాటింది, బీపీ మాత్రలు కూడా దాదాపు అప్పటి నుంచే వాడుతున్నారు. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇదే అచ్చులో ఉన్న ప్యాకేజీలు మరికొన్ని చోట్ల కూడా దొరుకుతున్నాయి. వాటి జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే పేరులో తప్ప సరుకులో పెద్ద తేడా కనిపించలేదు. కొనేముందు మా ప్రశ్న ఒక్కటే: ఇన్నేళ్ల షుగర్, బీపీల తర్వాత అమ్మ కిడ్నీలు, గుండె ఏ స్థితిలో ఉన్నాయి? ప్యాకేజీని కూడా ఆ ప్రశ్నకు అది ఎంతవరకు జవాబు చెప్పిందన్న ఒక్క కొలతతోనే తూచాను.

ముందుగా సేవ సంగతి. దీనికి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఫోన్‌లో బుక్ చేసిన మర్నాడు పొద్దున్నే చెప్పిన వేళకు కుర్రాడు వచ్చాడు. కొత్త సూది ప్యాకెట్‌ను మా ఎదుటే చించాడు, ఒక్క పోటుతోనే నరం దొరకబుచ్చుకున్నాడు, గొట్టాల మీద పేరు, వయసు, బార్‌కోడ్ ఉన్న చీటీలను బయటకు వెళ్లాక కాకుండా మా ముందే అంటించాడు. షుగర్ కోసం బూడిద రంగు మూత ఉన్న గొట్టాన్ని విడిగా వాడాడు. అందులో ఉండే ఫ్లోరైడ్ వల్ల ల్యాబ్‌కు చేరేలోపు రక్తకణాలు చక్కెరను తినేయడం చాలావరకు తగ్గుతుంది. ఇంటి దగ్గర తీసిన నమూనాలలో షుగర్ అసలు కంటే తక్కువగా చూపే లోపం వచ్చేది ఇక్కడే కాబట్టి, ఇది చిన్న విషయమైనా మెచ్చుకోదగినది. రిపోర్టు కూడా చెప్పిన సమయానికి వాట్సాప్‌లో వచ్చింది.

బీపీ చూసిన తీరు మాత్రం బాగాలేదు. మంచం పట్టె మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న అమ్మకు జాకెట్టు చేతి మీదుగానే పట్టీ చుట్టి, మిషన్ గాలి నింపుకుంటూ ఉండగానే “రాత్రి ఎన్నింటికి తిన్నారమ్మా? పొద్దున మాత్ర వేసుకున్నారా?” అని అడుగుతూ, ఆవిడ చెప్పే జవాబులను ఫోన్‌లో నింపుకున్నాడు. 158/84 వచ్చింది. బీపీ చూసే పద్ధతికి ప్రపంచమంతటా ఒప్పుకున్న నియమాలున్నాయి: అయిదు నిమిషాలు ఊరకే కూర్చోవాలి, వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేల మీద ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, పట్టీ నేరుగా చర్మానికి తగలాలి, చేతి లావుకు సరిపోయేదిగా ఉండాలి, మాట్లాడకూడదు. మేము అడిగితే కాదనకుండా కుర్రాడు మళ్లీ చూశాడు. కుర్చీలో కూర్చోబెట్టి, కాసేపు ఆగి, మాటల్లేకుండా చూస్తే అదే మిషన్ 138/80 చూపించింది. అయితే మొదటి అంకె అప్పటికే యాప్‌లోకి వెళ్లిపోయింది, రిపోర్టు మొదటి పేజీ మీద అచ్చయింది కూడా అదే. ఇరవై పాయింట్ల తేడా అంటే ఒక డాక్టరు అదనంగా ఒక మాత్ర రాయడానికీ రాయకపోవడానికీ ఉన్నంత తేడా. కిడ్నీ, గుండె రెండింటినీ అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసే కొలతను, ప్యాకేజీ మొత్తంలో అన్నిటికన్నా అజాగ్రత్తగా తీశారు.

ఇక ఆ తొంభై సంఖ్య సంగతి. రక్తకణాల పరీక్ష ఒక్కదానిలోనే హిమోగ్లోబిన్ మొదలు ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాలలో హిమోగ్లోబిన్ గాఢత) వరకు ఇరవైకి పైగా అంకెలు వస్తాయి. వాటిని ఇరవైకి పైగా ‘పరీక్షలు’గా లెక్కేశారు. కొలెస్ట్రాల్‌లో కొలిచేవి మూడు నాలుగే, మిగిలినవి వాటిని ఒకదానితో ఒకటి భాగించగా వచ్చే నిష్పత్తులు. లివర్ పరీక్షలో ఆల్బుమిన్, గ్లోబ్యులిన్, మళ్లీ ఆ రెండింటి నిష్పత్తి. మూత్ర పరీక్షలో రంగు, స్పష్టత కూడా రెండు పరీక్షలే. ఇది మోసమనలేము, ఎందుకంటే జాబితాలో అన్నీ రాసే ఉన్నాయి. కాని కొనేవారి చూపు సంఖ్య మీదే నిలిచేలా పేర్చిన జాబితా అది. షుగర్, బీపీ ఉన్న మనిషికి నేరుగా అవసరమైనవి అందులో పది కూడా లేవు.

కిడ్నీల భాగంలో యూరియా, క్రియాటినిన్, యూరిక్ ఆసిడ్, కాల్షియం ఉన్నాయి. అమ్మ క్రియాటినిన్ 1.1 వచ్చింది. పక్కన ఇచ్చిన మామూలు పరిధి 0.6 నుంచి 1.1 వరకు కాబట్టి దానిని నల్లని అక్షరాలలో, ఏ గుర్తూ లేకుండా వదిలేశారు. ‘కిడ్నీలు బాగానే ఉన్నాయట’ అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నది ఆ గడిని చూసే. నిజానికి క్రియాటినిన్ అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. అది కండరాల నుంచి పుట్టే వ్యర్థం. కండ తక్కువగా ఉండే పెద్ద వయసు ఆడవారిలో కిడ్నీ పని తగ్గినా అది పెద్దగా పెరగదు. అందుకే వయసు, స్త్రీ పురుష భేదం లెక్కలోకి తీసుకుని కిడ్నీలు నిమిషానికి ఎంత వడపోస్తున్నాయో అంచనా వేసే ఈజీఎఫ్‌ఆర్ అన్న అంకెను చూస్తారు. దానికి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది 2021 నాటి సీకేడీ–ఈపీఐ సూత్రం. దాని ప్రకారం 30 ఏళ్ల మగవాడికి క్రియాటినిన్ 1.1 ఉంటే ఈజీఎఫ్‌ఆర్ దాదాపు 93 వస్తుంది, అంటే పూర్తిగా మామూలు. అదే 1.1 మా అమ్మ వయసు స్త్రీకి ఉంటే 57 వస్తుంది. అరవైకి తగ్గి మూడు నెలలకు పైగా అలాగే ఉంటే దానిని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ప్యాకేజీలో ఈ లెక్క వేయడానికి కావలసిన వివరాలన్నీ ఉన్నాయి, వయసు రిపోర్టు మీదే అచ్చయి ఉంది, వేయడానికి పైసా ఖర్చు లేదు, అయినా వేయలేదు. కొలెస్ట్రాల్‌కు అన్ని నిష్పత్తులు కట్టిన కంప్యూటరు ఈ ఒక్క లెక్క కట్టకపోవడం ఏమిటో అర్థం కాలేదు.

క్రియాటినిన్ మీద మాత్రమే ఆధారపడడంలో ఇంకో చిక్కు ఉంది. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల వడపోత చుట్టలు, అంటే సన్నని రక్తనాళాల ఉండలు ఉంటాయి. షుగర్ మొదలైన తొలి ఏళ్లలో వీటిలో ఒత్తిడి పెరిగి, కిడ్నీ మామూలు కన్నా ఎక్కువగా వడపోస్తుంది. అప్పుడు క్రియాటినిన్ చూస్తే కిడ్నీలు భేషుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ అధిక ఒత్తిడికి తోడు బీపీ కూడా చేరితే జల్లెడ కన్నాల్లాంటి ఆ వడపోత పొరలు సాగి, రక్తంలో నిలిచి ఉండవలసిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి కొద్దికొద్దిగా జారుతుంది. చుట్టలు ఒక్కొక్కటిగా మూసుకుపోతున్నా మిగిలినవి ఎక్కువ పని చేసి లోటును కప్పిపుచ్చుతాయి కాబట్టి, సగం పని పోయేదాకా క్రియాటినిన్ మామూలు పరిధిలోనే కనిపించడం మామూలే. అంతకు ఎన్నో ఏళ్ల ముందే సంగతి చెప్పేది మూత్రంలోని ఆల్బుమిన్.

కిడ్నీ బొమ్మ వేసి అమ్ముతున్న ఈ ప్యాకేజీలో లేనిది సరిగ్గా ఆ పరీక్షే. యూరిన్ ఆల్బుమిన్–క్రియాటినిన్ రేషియో అని దాని పేరు. డాక్టర్ల చీటీల మీద యూఏసీఆర్ అని ఉంటుంది. పొద్దున్నే పట్టిన కొద్దిపాటి మూత్రం చాలు. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములకు లోపు ఆల్బుమిన్ ఉంటే మామూలు, 30 నుంచి 300 వరకు మధ్యస్థం, 300 దాటితే తీవ్రం. రెండో రకం షుగర్ ఉన్నవారికి జబ్బు బయటపడిన రోజు నుంచే, మొదటి రకం వారికి అయిదేళ్ల తర్వాత నుంచి, ఈజీఎఫ్‌ఆర్‌తో పాటు దీనిని ఏడాదికి కనీసం ఒకసారి చేయించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ప్రమాణాలు చెబుతున్నాయి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడిగితే “సీయూఈ ఉంది కదండీ, అందులో ఆల్బుమిన్ నిల్ అని వచ్చింది చూడండి” అన్నారు. సీయూఈ అంటే మామూలు మూత్ర పరీక్ష; అందులో ఆల్బుమిన్‌ను చూసేది రంగు మారే కాగితపు పట్టీతో. ఆల్బుమిన్ బాగా ఎక్కువగా పోతుంటేనే ఆ పట్టీ రంగు మారుతుంది, మధ్యస్థ స్థాయిలో పోయేది చాలాసార్లు దానికి అందదు. పైగా నీళ్లు ఎక్కువగా తాగి వచ్చిన మనిషి మూత్రం పలచగా ఉండి, ఉన్నది కూడా కనిపించదు. క్రియాటినిన్‌తో భాగించేది ఆ పలచదనం ప్రభావాన్ని తీసేయడానికే.

తెలుగు నేలలో కిడ్నీ జబ్బు అనగానే అందరికీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానమే గుర్తుకొస్తుంది, అది న్యాయమే. అయితే అక్కడి జబ్బు వేరు. షుగర్, బీపీ చరిత్ర లేని కష్టజీవులకు కూడా వచ్చే, కారణం ఇంకా పూర్తిగా తేలని జబ్బు అది. దాని నీడలో పడి, పట్టణాలలో ఇంటింటా ఉన్న షుగర్, బీపీల వల్ల మెల్లగా వచ్చే కిడ్నీ జబ్బు మన మాటల్లోకి అంతగా రావడం లేదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం లెక్కన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, 31.5 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉన్నాయి. ప్యాకేజీలు అమ్మే సంస్థలకు ఈ లెక్క బాగా తెలుసు, కొనేవారికి తెలియనిది వాటిలో ఏమి ఉండాలో.

గుండె సంగతికి వద్దాం. కిడ్నీ, గుండె రెండూ ఒకే ప్యాకేజీలో పెట్టడం మాత్రం సరైన ఆలోచనే. మూత్రంలో ఆల్బుమిన్ కనిపించడమంటే ఒక్క కిడ్నీలోని నాళాలే కాదు, ఒళ్లంతా ఉన్న సన్నని రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటోందని అర్థం. అందుకే అది గుండెపోటుకూ, గుండె వైఫల్యానికీ, పక్షవాతానికీ కూడా ముందస్తు గుర్తు. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో డయాలసిస్ దాకా వెళ్లేవారి కన్నా, ఆ దశకు చేరకముందే గుండె జబ్బుతో పోయేవారు ఎక్కువ. ఈ ముడిని గుర్తించే 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండె, కిడ్నీ, జీవక్రియల సమస్యలన్నిటినీ కలిపి ఒకే సిండ్రోమ్‌గా పేర్కొంది. ఈ లెక్కన యూఏసీఆర్ లేకపోవడం ఈ ప్యాకేజీలో కిడ్నీ భాగానికి ఎంత లోటో, గుండె భాగానికీ అంతే లోటు.

గుండె కోసమని ఇచ్చినవి హోమోసిస్టీన్ (రక్తంలోని ఒక ఆమినో ఆసిడ్), ఒంట్లో వాపును చూపే హెచ్‌ఎస్–సీఆర్‌పీ, లైపోప్రోటీన్–ఎ (కొలెస్ట్రాల్‌ను మోసే ఒక కణం). వీటిలో లైపోప్రోటీన్–ఎ పుట్టుకతో వచ్చేది, జన్యువులను బట్టి ఉండేది. జీవితంలో ఒకసారి చూసుకుంటే చాలు, ఏటా కొలిపించడం డబ్బు దండగ. హోమోసిస్టీన్ ఎక్కువగా ఉన్నవారికి గుండె జబ్బులు ఎక్కువన్నది నిజమే కాని, ఫోలిక్ ఆసిడ్, బి విటమిన్లు ఇచ్చి దానిని తగ్గించినా గుండెపోట్లు తగ్గలేదని 2006లోనే రెండు పెద్ద అధ్యయనాలు తేల్చాయి. మా రిపోర్టులో ఎర్రగా కనిపించిన వాటిలో ఇదొకటి. ఆ మర్నాడే ‘డైటీషియన్’ పేరుతో ఫోన్ చేసినావిడ విటమిన్ మాత్రల డబ్బా ఒకటి కొనమనడానికి ఆధారం కూడా అదే.

అక్కరకు వచ్చే ఈసీజీ మాత్రం ప్యాకేజీలో లేదు. సెంటర్‌కు వెళ్లి వేరే డబ్బు కట్టి తీయించుకోవాలి. మామూలుగా వచ్చిన ఈసీజీ గుండె నాళాలలో అడ్డంకులు లేవని హామీ ఇవ్వదు గాని, బీపీ వల్ల గుండె కండరం మందమవడాన్నీ, తెలియకుండా వచ్చిపోయిన గుండెపోటునూ, లయ తప్పడాన్నీ చాలాసార్లు పట్టిస్తుంది. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవారిలో నరాలు మొద్దుబారి, గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. మెట్లెక్కితే కొత్తగా వచ్చే ఆయాసం, ఉన్నట్టుండి పట్టే చెమటలు, కారణం లేని నీరసమే సూచనలు కావచ్చు. ఆ సంగతి అడిగే ప్రశ్న ఒక్కటి కూడా వారు నింపించుకున్న ఫారంలో లేదు. గుండె బలహీనపడుతున్నట్టు ముందే చెప్పే ఎన్‌టీ–ప్రోబీఎన్‌పీ వంటి పరీక్షను షుగర్ ఉన్నవారికి ఏడాదికొకసారి చేయవచ్చని 2022లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నిపుణుల నివేదిక సూచించింది. మన దగ్గర దాని ఖరీదు ఎక్కువ కాబట్టి ఈ ధరలో లేదని తప్పుపట్టను.

కొలెస్ట్రాల్ భాగంలో చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్ 96 వచ్చింది. వంద లోపు ఉంటే మేలన్న పరిధి పక్కనే ఉండడంతో అదీ నల్లగానే మిగిలింది. ఆ పరిధి ఆరోగ్యవంతులకు. అమ్మలాగా ఇన్నేళ్లుగా షుగర్, బీపీ రెండూ ఉండి గుండె ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 70 లోపు ఉండాలన్నది ఇప్పటి లక్ష్యం, ఒకసారి గుండెపోటు వచ్చినవారికైతే 55 లోపు. ‘షుగర్–బీపీ’ అని పేరు పెట్టి అమ్మేటప్పుడు పరిధులు కూడా షుగర్, బీపీ ఉన్నవారివి వేయకపోతే ఆ పేరుకు అర్థమేమిటి?

లవణాలలో సోడియం, క్లోరైడ్ ఉన్నాయి, పొటాషియం లేదు. మొదట ఇది అచ్చు తప్పు అనుకున్నాను. ఇంటి దగ్గర తీసిన రక్తం దూరంలోని పెద్ద ల్యాబ్‌కు చేరేలోపు కణాలలోని పొటాషియం బయటకు కారి అంకె తప్పుగా పెరుగుతుంది. అందుకే కొన్ని సంస్థలు దానిని ఇలాంటి ప్యాకేజీలలో పెట్టవు. తప్పు అంకె ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడం నయమే. కాని బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ వంటి మాత్రలు వాడేవారికీ, కిడ్నీ పని తగ్గినవారికీ పొటాషియం చూడక తప్పదు, ఎందుకంటే అది హద్దు మీరితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. ఇదే రిపోర్టుతో పాటు వచ్చిన ఆహార పట్టికలో ‘మామూలు ఉప్పుకు బదులు లో సోడియం ఉప్పు వాడండి’ అని ఉంది. ఆ ఉప్పులో సోడియం తగ్గించిన మేరకు కలిపేది పొటాషియం క్లోరైడ్. పొటాషియం కొలవకుండా, ఏ మాత్రలు వాడుతున్నారో చూడకుండా, కిడ్నీ పని ఎంతో లెక్క కట్టకుండా అలాంటి సలహాను అందరికీ ఒకే కాగితం మీద అచ్చు వేసి పంపడం ఈ ప్యాకేజీ మొత్తంలో నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా తోచిన విషయం. ఉప్పు తగ్గించమనడం వరకు సరే; రోజుకు అయిదు గ్రాముల లోపు అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దును ఆవకాయ, గోంగూర, అప్పడం, ఊరమిరపకాయలు ఉన్న గుంటూరు భోజనం మధ్యాహ్నానికే దాటేస్తుంది. ఆ పట్టికలో ఈ ఊసే లేదు, ఓట్స్ గురించి మాత్రం మూడు చోట్ల ఉంది.

రిపోర్టు చూడడానికి అందంగా ఉంది. మొదటి పేజీలో మనిషి బొమ్మ, ఒక్కో అవయవం పక్కన ఆకుపచ్చ, ఎరుపు చుక్కలు. కిడ్నీకి ఆకుపచ్చ, గుండెకు ఆకుపచ్చ. ఎర్రగా వచ్చినవి విటమిన్ డి, హోమోసిస్టీన్, పరిధికి ఒక్క దశాంశం తక్కువైన ఎంసీహెచ్‌సీ. ఎరుపు చూడగానే మా అమ్మ కంగారు పడింది వాటి గురించే. రంగు చూసి ముఖ్యమైనదేదో నిర్ణయించుకునే మామూలు పాఠకులకు ఈ పేజీ తప్పు దారి చూపుతుంది. నిజంగా చూడవలసిన 1.1, 96 అంకెలు నల్లని గుంపులో కలిసిపోయాయి.

ప్యాకేజీలో భాగంగా ఉచితమన్న డాక్టరు ఫోన్ సంప్రదింపు కూడా ఉంది. మాట్లాడిన డాక్టరు మర్యాదగానే మాట్లాడారు, తొందరపడలేదు. అయితే ఆయన ముందున్నది కూడా ఆ రంగుల పేజీయే. విటమిన్ డి వాడమన్నారు, నడవమన్నారు. మోకాళ్ల నొప్పులకు ఏమైనా వాడుతున్నారా అని అడగలేదు. అమ్మ మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఎసిక్లోఫెనాక్ మాత్రలు నెలల తరబడి వాడుతున్నారు; ఇలాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తాన్ని తెచ్చే నాళాన్ని కుదించి, బీపీని పెంచి, బీపీ మాత్రల పనిని చెడగొడతాయి. ఏ రక్తపరీక్షా అక్కర్లేకుండా, ఒక్క ప్రశ్నతో తెలిసే సంగతి ఇది.

ఆ తర్వాత కొత్తపేటలోని మా ఫిజీషియన్ గారికి రిపోర్టు చూపిస్తే, ఆయన చూసింది ఒక్క పేజీయే; కాగితం అంచున 57 అని రాసి, యూఏసీఆర్, పొటాషియం, ఈసీజీ చేయించమన్నారు. యూఏసీఆర్ 112 వచ్చింది. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందు రోజు ఎక్కువ శ్రమ ఉన్నా ఇది తాత్కాలికంగా పెరుగుతుంది కాబట్టి మూడు నుంచి ఆరు నెలల లోపు మూడు నమూనాలలో కనీసం రెండు ఎక్కువగా వస్తేనే ఖాయం చేస్తారు. అమ్మ విషయంలో అది ఖాయమే అయింది. ఈజీఎఫ్‌ఆర్ 57, ఆల్బుమిన్ మామూలు అయితే కెడిగో అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చే పట్టికలో అది పసుపు రంగు గడి, కొద్దిపాటి ముప్పు. అదే 57కు 112 తోడైతే నారింజ రంగు, ఎక్కువ ముప్పు. ప్యాకేజీ వేసిన ఆకుపచ్చ చుక్కకు ఈ నారింజ గడికి మధ్య దూరం ఒక డబ్బాడు మూత్రం.

ఆ దూరం మందులను బట్టి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. లోసార్టాన్, ఇర్బెసార్టాన్ అనే బీపీ మందులు షుగర్ వారి కిడ్నీని కాపాడతాయని 2001లో తేలింది. షుగర్ మందులుగా వచ్చిన గ్లిఫ్లోజిన్ల రకంలో కానాగ్లిఫ్లోజిన్ గురించి 2019లో, డాపాగ్లిఫ్లోజిన్ గురించి 2020లో పెద్ద అధ్యయనాలు వచ్చాయి. 2020 నాటి అధ్యయనంలో షుగర్ లేని కిడ్నీ రోగులకు కూడా మేలు కనిపించింది. ఈ అధ్యయనాలలో ఎవరిని చేర్చుకోవాలన్నది నిర్ణయించింది కూడా మూత్రంలో పోయే ప్రోటీనును బట్టే. లోసార్టాన్ రకం మందులు వడపోత చుట్ట నుంచి బయటకు వెళ్లే నాళాన్ని సడలిస్తాయి, గ్లిఫ్లోజిన్లు లోపలికి వచ్చే నాళాన్ని కొద్దిగా బిగిస్తాయి. రెండు దారులలోనూ చుట్టలో ఒత్తిడి తగ్గుతుంది. 2020లో డాపాగ్లిఫ్లోజిన్, 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్లు మన దేశంలో ముగియడంతో వాటి ధరలు బాగా దిగివచ్చాయి, కాబట్టి ఇవి ఇప్పుడు ధనవంతుల మందులేమీ కావు. అమ్మకు బీపీ కోసం అప్పటిదాకా ఉన్నది ఒక్క ఆమ్లోడిపిన్. ఇప్పుడు టెల్మిసార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్ చేరాయి, ఎసిక్లోఫెనాక్ ఆగిపోయింది, కొలెస్ట్రాల్ మాత్ర మోతాదు పెరిగింది. ఇలాంటి మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకు క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడాలి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే అది ఒత్తిడి తగ్గిన గుర్తే గాని మందు మానేయవలసిన కారణం కాదని డాక్టరుగారు ముందే చెప్పి పంపారు. వాంతులు, విరేచనాలు ఉన్న రోజులలో, నిర్జల ఉపవాసాలప్పుడు డాపాగ్లిఫ్లోజిన్ ఆపి తనకు ఫోన్ చేయమని కూడా చీటీ మీద రాశారు. కార్తీక మాసం అంతా ఉపవాసాలుండే ఇంట్లో ఆ ఒక్క వాక్యం ఎంతో పనికొచ్చింది.

ప్యాకేజీలో నిజంగా బాగున్నది మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఎ1సీ పరీక్ష. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో చేసి, దాని గ్రాఫును కూడా అచ్చు వేశారు. హిమోగ్లోబిన్‌లో తేడాలుంటే డాక్టరు ఆ గ్రాఫును చూసి పోల్చుకోగలరు. అదే రిపోర్టులో హిమోగ్లోబిన్, ఐరన్ కూడా ఉండడం మంచిదే, ఎందుకంటే ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఎ1సీ అసలు కన్నా ఎక్కువగా చూపవచ్చు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవారిలో అసలు కన్నా తక్కువగా చూపవచ్చు. థైరాయిడ్, లివర్ ఫలితాలు బయట చేయించిన వాటితో సరిపోయాయి. ల్యాబ్ పనితనం మీద నాకు అనుమానం లేదు. అనుమానమంతా ఏ పరీక్షలను కట్టగట్టి అమ్ముతున్నారన్న దాని మీదే.

షుగర్, బీపీ ఏవీ లేని నలభై ఏళ్ల మనిషి ఒకసారి ఒంటి సంగతి చూసుకుందామనుకుంటే ఈ ప్యాకేజీ పరవాలేదు. కిడ్నీ పని ముప్పైకి తగ్గినవారికి ఇది ఏ మాత్రం సరిపోదు, వారు నెఫ్రాలజిస్టు రాసిన పరీక్షలే చేయించుకోవాలి. ఎవరి పేరు మీద దీనిని అమ్ముతున్నారో ఆ షుగర్, బీపీ ఉన్నవారు మాత్రం ప్యాకేజీ వదిలేసి, అదే ల్యాబ్‌లో హెచ్‌బీఎ1సీ, క్రియాటినిన్, పొటాషియం, కొలెస్ట్రాల్, సీయూఈ, యూఏసీఆర్ విడివిడిగా రాయించుకుని, పొటాషియం కోసం సెంటర్‌కే వెళ్లి రక్తం ఇచ్చి, అక్కడే ఈసీజీ తీయించుకుంటే మేలు. మాకు రెండోసారి అలా అయిన ఖర్చు ప్యాకేజీ ధర కన్నా తక్కువే. అడిగేటప్పుడు ఒక జాగ్రత్త: కొన్ని జాబితాలలో ‘యూరిన్ మైక్రోఅల్బుమిన్’ అని మాత్రమే ఉంటుంది, అది క్రియాటినిన్‌తో భాగించని ఉత్త అంకె. నిష్పత్తి కావాలని, బిల్లు మీద ‘రేషియో’ అని పడాలని కౌంటరు దగ్గరే చెప్పాలి.